గుర్రాన్ని ఎవరైనా అడిగారా?

పెళ్ళి ఖర్చుల జాబితాలో కొన్నేళ్ళుగా ఒక కొత్త పద్దు చేరింది. మేళానికింత, పూలకింత, ఫొటోలకింత అని రాసుకుంటూ వచ్చి, చివర "గుర్రబ్బగ్గీ" అని రాస్తున్నారు. రేకు మీద వెండిరంగు పూసిన బండి, ఎర్ర మఖమల్ సీటు, చుట్టూ తీగలు తీగలుగా దీపాలు, ఆ దీపాలకి కరెంటివ్వడానికి వెనకాల గుడగుడలాడే జనరేటరు, ముందు గుండెలదిరే డప్పులూ మైకులూ, వాటి ముందు టపాకాయలూ. ఇంత హంగామా మధ్య, తల మీద రంగు ఈకల కుచ్చుతో, పెళ్ళెవరిదో కూడా తెలీని ఒక ప్రాణి నిలబడి వుంటుంది. "ఎంత రాయల్‌గా వుందో!" అని ఆడవాళ్ళమందరం మురిసిపోతాం.

ఈ 'రాయల్' అన్న మాట మీదే నాకు పేచీ. రాజుల బండెక్కితే మనం రాజులమైపోతామా అన్నది తరవాతి సంగతి. అసలా బళ్ళ పుట్టుపూర్వోత్తరాలు కాస్త తిరగేస్తే దర్జా ఎవరిదో, చాకిరీ ఎవరిదో తెలిసిపోతుంది.

రైలు పెట్టెకీ, క్రికెట్ నేర్పే ఆయనకీ, మన పిల్లల్ని తెల్లారగట్లే తోలే కోచింగు సెంటరుకీ వాడుతున్న 'కోచ్' అన్న మాట, హంగేరీలో ఒక పల్లెటూరి పేరు. ఆ వూళ్ళో చేసే బళ్ళకి పేరొచ్చి, వూరి పేరే బండి పేరై యూరపంతా తిరిగింది. కప్పు మధ్యకి విడిపోయి ముందుకీ వెనక్కీ మడతపడే 'లాండో'ది జర్మనీలో ఒక వూరి పేరు. 1838 ప్రాంతంలో బ్రూమ్ ప్రభువు తనకోసం చేయించుకున్న మూతబండి 'బ్రూమ్'. జోసెఫ్ హాన్సమ్ అనే ఇళ్ళు కట్టే ఇంజనీరు 1834లో పేటెంటు తీసుకున్న అద్దెబండి 'హాన్సమ్'. ఆ హాన్సమ్ బళ్ళలో తోలేవాడు వెనకాల ఎత్తుమీద కూర్చుని, పగ్గాలు కప్పు మీదుగా పట్టుకునేవాడు. 'ఫేటన్'కి గ్రీకు పురాణంలోని సూర్యుడి కొడుకు పేరు పెట్టారు. తండ్రి రథం తోలతానని మొండికేసి, గుర్రాలు అదుపు తప్పి, ప్రాణం పోగొట్టుకున్న పుణ్యాత్ముడు.

చూశారా? వూరికి పేరుంది, ప్రభువుకి పేరుంది, ఇంజనీరుకి పేరుంది, ఆఖరికి బండి పాడుచేసినవాడికీ పేరుంది. లాగినదాని పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఇక మన బగ్గీలకి పెద్దక్క అనదగ్గది 'విక్టోరియా'. రాణిగారి పేరు పెట్టారు. అడుగు బాగా కిందికి వుంటుంది గనక నేలజీరాడే గౌన్లతో సులువుగా ఎక్కొచ్చు. ముందు మరుగుండదు గనక ఆ గౌనెంత ఖరీదైనదో బజారంతా చూడొచ్చు. అంటే అది షికారు బండే కాదు, చీరల షాపు అద్దాల బీరువా లాంటిది కూడానన్నమాట! అందులో కూర్చున్న దొరసానికి గుర్రం కూడా ఒక నగే. అందుకని గుర్రం మెడ ఎప్పుడూ నిక్కి వుండాలని, తల దించడానికి వీల్లేకుండా వారుతో వెనక్కి బిగించి కట్టేవారు. ఎత్తెక్కేటప్పుడు మెడ ముందుకి వంచి బలం పెట్టడం ఏ జంతువుకైనా సహజం. ఆ వీలు కూడా దానికి లేకుండా చేశారు.

ఈ ఘోరాన్ని నిలదీసినవాళ్ళలో ముఖ్యురాలు ఒక ఆడదే. ఆవిడ పేరు అన్నా స్యూవెల్. చిన్నతనంలో కాలు దెబ్బతిని నడవలేని స్థితి, ఎక్కడికి వెళ్ళాలన్నా గుర్రబ్బండే గతి. ఆవిడ రాసిన ఒకే ఒక్క నవల 'బ్లాక్ బ్యూటీ' 1877లో వచ్చింది. కథ చెప్పేది గుర్రమే. మర్నాటి ఏడాదే ఆవిడ కన్నుమూసింది గానీ, ఆ బిగింపు వారు మీద జనానికి ఏవగింపు పుట్టించడంలో ఆ పుస్తకం చేసిన పని ఇంతా అంతా కాదు. రోజూ ఆ బండి మీదే ఆధారపడ్డ మనిషే గుర్రం పక్షాన మాట్లాడింది. గంటసేపు వూరేగే మనకేం అడ్డమొచ్చింది?

"మరి మన జట్కాల సంగతో? వాటినీ తిడతారా?" అంటారేమో. తిట్టను. కుదుపునీ వడినీ చెప్పే 'ఝట్కా' లోంచి వచ్చిన పేరది. ఉత్తరాదిన ఒంటి గుర్రపు 'ఎక్కా' వుండేది. హైదరాబాదు వైపు, వీపులానించుకుని ముందూ వెనకా కూర్చునే 'టాంగా' వుండేది. మన కోస్తా వూళ్ళలో గూడులాంటి కప్పు కింద, గడ్డి మీద చాప పరిచిన జట్కా. వెనకనుంచి ఎక్కి కాళ్ళు ముడుచుక్కూర్చుంటే, "అమ్మగారూ, కాస్త ముందుకి జరగండి!" అని బండతను హెచ్చరించేవాడు. అది వూరికే అన్నమాట కాదు. రెండు చక్రాల బండిలో వెనక బరువెక్కువైతే ముందు కర్రలు పైకి లేచి గుర్రం పొట్ట కింద పట్టీ బిగుస్తుంది. ముందెక్కువైతే భారమంతా దాని వీపు మీద పడుతుంది. ఆ లెక్క తెలిసిన మనిషి గనక మనల్ని జరిపేవాడు.

అలాగని జట్కా గుర్రానిది స్వర్గమని నేననను. చెర్నాకోల చప్పుడూ, ఎముకలు లెక్కపెట్టగలిగే డొక్కలూ నాకింకా గుర్తున్నాయి. కానీ ఆ రోజుల్లో రైలందుకోవాలన్నా, పురిటి మనిషిని ఆసుపత్రికి చేర్చాలన్నా మరో దిక్కు లేదు. జట్కా మనల్ని రాణుల్ని చేస్తానని ఎన్నడూ చెప్పలేదు, వీధి చివర దింపుతానంది, దింపింది. తరవాత రిక్షాలొచ్చాయి, ఆటోలొచ్చాయి, గుర్రానికి సెలవిచ్చాం. అవసరం తీరాక, ఉత్త డాబు కోసం దాన్ని మళ్ళీ పిలిచి కాడి కట్టడమే నాకు మింగుడుపడటం లేదు.

చట్టం లేదా అంటే, లేకేం! బరువులు లాగే జంతువుల కోసం 1965లోనే కేంద్రం నియమాలు పెట్టింది. రోజుకి 9 గంటలకి మించి పని చేయించకూడదు. ఏకబిగిన 5 గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు మించే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కట్టకూడదు. తోలేవాణ్ణీ, ఆరేళ్ళలోపు పిల్లల్నీ మినహాయించి నలుగురికి మించి ఎక్కకూడదు. మన వైశాఖ మాసపు ముహూర్తాలూ, పెళ్ళికొడుకు చుట్టూ ఎక్కి కూర్చునే మేనల్లుళ్ళూ, మేనకోడళ్ళూ గుర్తుకొస్తున్నారా? జంతుహింస మీద 1960 నాటి చట్టంలో మొదటి తప్పుకి రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఈ రోజుల్లో దానికి సరైన టిఫిను కూడా రాదు! అందుకే చట్టం మీద భారం వేసి మనం ఊరుకుంటే లాభం లేదు.

పైగా నియమాల్లో టపాకాయల మాట లేదు. గుర్రం బెదిరితే పారిపోయే జంతువు. పరుగే దానికి రక్ష. మన చెవికందని సన్నని ధ్వనులు కూడా దానికి వినిపిస్తాయి. అలాంటిదానికి కళ్ళకి గంతలు కట్టి, పారిపోయే దారి మూసి, చెవి పక్కన మైకు పెడుతున్నాం.

"బండివాడి పొట్ట కొడతారా?" అని మా బంధువొకావిడ నన్ను కడిగేసింది. న్యాయమైన ప్రశ్నే. 2015లో బొంబాయి హైకోర్టు షికారు విక్టోరియాలు చట్టవిరుద్ధమని తీర్పు చెప్పినప్పుడు అక్కడా ఇదే గొడవ. 2021లో ఆ నగరంలోనే అచ్చం విక్టోరియాలాగే వుండి, కరెంటుతో నడిచే బళ్ళు వీధిలోకొచ్చాయి. దీపాలకి జనరేటరు పెట్టగలిగిన మనం, చక్రాలకి మోటారు పెట్టలేమా? తోలేవాడు తోలుతూనే వుంటాడు, ఉలవల ఖర్చూ తప్పుతుంది.

"రాష్ట్రపతిగారే 2024 గణతంత్ర దినోత్సవానికి 40 ఏళ్ళ తరవాత మళ్ళీ బగ్గీలో రాలేదా?" అంటారు. వచ్చారు. అవి అంగరక్షక దళంలో పెరిగి, తర్ఫీదు పొందిన గుర్రాలు, రోజూ చూసుకునే మనుషులున్న గుర్రాలు. మనం అద్దెకి తెచ్చేదానికి నిన్న రాత్రి ఎవరి పెళ్ళయిందో, తెల్లారి నీళ్ళెవరు పెట్టారో మనకి తెలుసా?

"కృష్ణుడు రథం తోలలేదా?" అన్నవాళ్ళూ వున్నారు. తోలాడు. సైంధవుణ్ణి చంపుతానని అర్జునుడు ప్రతిజ్ఞ పట్టిన రోజున, పొద్దు వాలిపోతున్నా యుద్ధం నడుమ గుర్రాల్ని విప్పి, గుచ్చుకున్న బాణాలు పీకి, ఒళ్ళు నిమిరి, నీళ్ళు తాగించాడు కూడాను. ఆ ఘట్టాన్ని మాత్రం మన పెళ్ళిళ్ళలో ఎవరూ అనుకరించరేం?

పెళ్ళిలో మగవాళ్ళు డబ్బిస్తారు గానీ, ఏది వుండాలో ఏది అక్కర్లేదో తేల్చేది మనమే. వియ్యపురాలు ముచ్చటపడిందనో, పక్కింటివాళ్ళు పెట్టారనో ఆ పద్దు రాసేముందు ఒక్క క్షణం ఆగండి. పెళ్ళికూతురి కళ దాని మొహంలో వుంటుంది గానీ, గుర్రం వీపు మీద వుండదు.