లగామ్ తీసేయకండి భాయ్

ఇంట్లో ఆంప్లిఫయర్ కట్టుకునే షౌఖ్ ఉన్న మన నౌజవాన్లు ట్రాన్సిస్టర్ల నంబర్ల మీద గంటలకొద్దీ బహస్ చేస్తారు. ఎమిటర్ దగ్గరుండే తెల్ల సిమెంటు రెసిస్టర్‌ని మాత్రం ఎవరూ ఖాతరు చేయరు. పైగా "అది తీసేస్తే ఆవాజ్ ఇంకా సాఫ్‌గా వస్తది భాయ్" అంటారు. నేను ఒప్పుకోను.

ట్రాన్సిస్టర్ మిజాజ్ అలాంటిది మరి. ఒక్కో డిగ్రీ వేడెక్కితే దానికి కావాల్సిన బేస్ వోల్టేజి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. అంటే ఇచ్చిన వోల్టేజికే ఎక్కువ కరెంటు లాగుతుంది, ఇంకా వేడెక్కుతుంది, ఇంకా లాగుతుంది. చివరికి కాలిపోతూ స్పీకర్ కాయిల్‌నీ తీసుకుపోవచ్చు. ఈ రెసిస్టరే దానికి లగామ్. కరెంటు పెరిగిన కొద్దీ తన మీద వోల్టేజి నిలుపుకొని ట్రాన్సిస్టర్‌కి అందేది తగ్గిస్తుంది. రెండు జతలు పక్కపక్కన పనిచేస్తుంటే వాటి మధ్య ఇన్సాఫ్ చేసేదీ ఇదే.

అలాగని 1 ఓమ్ పెట్టడమూ బేవకూఫీయే, పవర్ ఫుజూల్‌గా పోతుంది. నా రాయ్ అడిగితే 0.22 ఓమ్, 5 వాట్లు. 8 ఓమ్‌ల స్పీకర్‌కి 50 వాట్లు ఇచ్చినా, ఒక్కో రెసిస్టర్‌లో ఒక వాట్ కూడా ఖర్చు కాదు. పాట లేనప్పుడు దాని మీద 20 నుంచి 25 మిల్లీవోల్టులు వచ్చేలా బయాస్ తిప్పండి, సుమారు 100 మిల్లీయాంపులు. హీట్‌సింక్ చిన్నదైతే 0.33 మేలు.

కోఠీ గుజరాతీ గల్లీలో కొనేటప్పుడు అన్నీ ఒకే రకం తీసుకోండి. మామూలు మల్టీమీటర్‌తో మాత్రం 0.22 కొలవబోకండి, దాని తీగల రెసిస్టెన్సే దాదాపు అంత ఉంటుంది.