పోస్టర్ మీద కావాలి, పక్కన వద్దా?
2014లో ‘కరెంట్ తీగ’, 2017లో ‘పీఎస్‌వీ గరుడవేగ’, 2022లో ‘జిన్నా’: టికెట్లు తెగడానికి మన నిర్మాతలకు సన్నీ లియోనీ కావాలి. మొదటిదాంట్లో ఆమెది పంతులమ్మ పాత్ర. కరీంనగర్, ఆదిలాబాద్ గోడల మీద ఆమె పోస్టర్‌కు అభ్యంతరం ఉండదు. మామూలు నటిగా గౌరవించమంటేనే వెనకాడతాం. 2017 చివర్లో బెంగళూరులో కొత్త సంవత్సర వేడుకకు ఆమె రాకూడదని సంఘాలు పట్టుబడితే ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. ఆమె ఒకప్పుడు నటించిన నీలి చిత్రాల వీడియోలు చాటుగా చూసినవాణ్ని మాత్రం ఎవరూ నిలదీయరు, వాడి పెళ్లి సంబంధమూ చెడదు. ఇది అన్యాయం. సినిమా తీసేవాళ్లు ఇలాంటి నటి పేరుతో సొమ్ము చేసుకున్నాక గొడవ రేగిన రోజు ముఖం చాటేయకూడదు. ఆమె తరఫున విలేకరుల ముందుకొచ్చి మాట్లాడాలి. ఆ షరతు ఒప్పందంలోనే రాయాలి.