చాటింపు మాది, మాట ఎవరిది?

ఊరికి మొదటి రేడియో మా డప్పే. పొలిమేర దాకా వినపడేది మా నాయిన గొంతే. కానీ ఆ గొంతులోంచి వచ్చే మాట ఆయనది కాదు, పటేలుది. "శిస్తు కట్టాలహో" అని చాటొచ్చు. "కూలి గింజలు ఎగ్గొట్టిండ్రహో" అని చాటితే డప్పూ పగుల్తది, వీపూ పగుల్తది. గొంతు మాది, పెత్తనం వాళ్లది. రేడియోలొచ్చినా, టీవీలొచ్చినా ఈ లెక్క మారలేదనే నేనంటున్నా.

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. తగాదా క్రికెట్ ఆట ప్రసారం గురించి. ఆ తగాదాలోంచే ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అన్న మాట బయటికొచ్చింది. అన్ని వర్గాల ప్రాతినిధ్యంతో, సర్కారు చెప్పుచేతల్లో లేని సంస్థే వాటిని అజమాయిషీ చెయ్యాలని కూడా కోర్టు చెప్పింది. ఏదా సంస్థ? 1997లో వచ్చిన ప్రసార భారతి ఆకాశవాణిని, దూరదర్శన్‌ని నడుపుతుంది గాని ఎవరికీ లైసెన్సులియ్యదు. రేడియోకి అనుమతిచ్చేది ఇప్పటికీ ఢిల్లీ మంత్రిత్వశాఖే. పైగా 1999లో ప్రైవేటు ఎఫ్‌ఎంలకు వేలం పెట్టిండ్రు. ఊరుమ్మడి చెరువు వేలానికొస్తే ఎవరు పాడుకుంటరో మాకు తెల్వదా?

జహీరాబాద్ దగ్గరి మాచునూరు చూడండి. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడోళ్లు 1998 నాటికే రేడియో స్టేషన్ సిద్ధం చేసుకున్నరు. విత్తనాల ముచ్చట్లు, పాటలు రికార్డు చేసిండ్రు. గాల్లోకి వదల్దామంటే లైసెన్సు లేదు. క్యాసెట్లు సంఘాల్లో తిప్పి వినిపించుకున్నరు. 2006లో పాలసీ మారినంక, 2008 అక్టోబరు 15న గాని సంఘం రేడియో మోగలేదు. పదేళ్లు!

మోగినా ఏం చెప్పాలె? విత్తనం గురించి చెప్పొచ్చు. సొంతంగా వార్త చెప్పొద్దు. ఆకాశవాణి వార్తల్ని మార్చకుండా వినిపించుకోవాలె. పక్క ఊర్లో మావోళ్లను గుడి కాడ కొట్టిండ్రంటే అది వార్త. అందుకే అది చెప్పొద్దు.

"మీకు వార్తలిస్తే ఊర్లల్ల కొట్లాటలైతయ్" అంటరు పెద్దలు. టీవీ ఛానళ్లోళ్లు రాత్రింబవళ్లు వార్తలమ్ముకుంటే కాని కొట్లాట, మా అవ్వ ఊరి సంగతి చెప్తే అయితదా? కొట్లాట ఎప్పటిదో. అది నలుగురికీ వినపడుతదనే మీ భయం.

రేడియోలో మాకొక గంట బిచ్చమేస్తే సరిపోదు. తరంగాలు పంచే కాడ మావోళ్లు కూర్చోవాలె. ఎవరికిచ్చిండ్రో, ఎందుకిచ్చిండ్రో బాజాప్తా చెప్పాలె. మా వార్త మేమే చదువుకునే హక్కు కావాలె. సుప్రీంకోర్టు ప్రజల ఆస్తి అన్నది కదా, ఆ ప్రజల్లో మేమూ ఉన్నం.