చట్టం – సామాన్యుడు: దోషి దొరకకపోయినా పరిహారం

2006 జూలై 11 సాయంకాలం. ముంబయి ఉద్యోగులు ఇళ్లకు మరలే వేళ. పశ్చిమ రైల్వే మార్గంలో పదకొండు నిమిషాల వ్యవధిలో ఏడు లోకల్ బండ్లలో బాంబులు పేలాయి. 180 మందికి పైగా మరణించారు. 800 మందికి పైగా గాయపడ్డారు. 2015లో ప్రత్యేక న్యాయస్థానం పన్నెండుగురిని దోషులుగా నిర్ణయించింది. 2025 జూలైలో బొంబాయి హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసి, వారు నిర్దోషులన్నది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. బాంబులు పెట్టినదెవరన్న ప్రశ్నకు పంతొమ్మిదేళ్లకు కూడా తిరుగులేని సమాధానం రాలేదు.

మరి ఆనాడు కాలో చెయ్యో పోగొట్టుకున్న ప్రయాణికుడు ఆ సమాధానం కోసం ఎదురుచూడవలసిందేనా? అక్కరలేదు. నేరస్థుణ్ణి శిక్షించడం ఒక వ్యవహారం. గాయపడినవారికి పరిహారం చెల్లించడం వేరొక వ్యవహారం. మొదటిదానికి నేరం నిస్సంశయంగా రుజువు కావాలి. రెండవది దానికోసం ఆగదు.

1989 నాటి రైల్వే చట్టంలో 124-ఎ అనే సెక్షను ఉన్నది. ఇది 1994లో చేరింది. ఉగ్రవాద చర్య, హింసాత్మక దాడి, దోపిడీ, అల్లర్లు, కాల్పులు, గృహదహనం వంటి నిప్పుపెట్టే చర్యలు – వీటిలో ఏది రైలుబండిలో గాని, ప్లాట్‌ఫారం మీద గాని, స్టేషను ఆవరణలో గాని జరిగినా, గాయపడిన ప్రయాణికునికి రైల్వేశాఖ పరిహారం చెల్లించాలి. రైల్వేవారి తప్పున్నదా లేదా అన్న విచారణకు ఇక్కడ తావు లేదు. ఆప్తులను సాగనంపడానికి ప్లాట్‌ఫారం టిక్కెట్టుతో వచ్చినవారికీ ఈ హక్కు వర్తిస్తుంది. తన నేరమో, మద్యం మత్తో తన గాయానికి కారణమైతే మాత్రం వర్తించదు.

2017 జనవరి 1 నుంచి మరణానికి పరిహారం 8 లక్షల రూపాయలు. రెండు చేతులు పోయినా అంతే. తక్కిన గాయాలకు వాటి తీవ్రతను బట్టి నిర్ణీతమైన పట్టిక ఉన్నది. దరఖాస్తును రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు పెట్టుకోవాలి. సికిందరాబాదులోనూ దాని బెంచి ఉన్నది. గడువు ఒక్క సంవత్సరం. ఆలస్యానికి తగిన కారణం చూపితే ట్రిబ్యునల్ మన్నించవచ్చు; కాని ఆ మన్నింపుపై ఆధారపడడం వివేకం కాదు.

పేలుడులో టిక్కెట్టు కాలిపోతే? టిక్కెట్టు దొరకనంత మాత్రాన హక్కు పోదని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బాధితుడు వాస్తవాలను ప్రమాణపత్రంలో తెలిపితే, వాటిని కాదని నిరూపించే భారం రైల్వేవారిదే.

బస్సు ప్రయాణికుల మాట వేరు. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర దోపిడీకి వచ్చినవారు పెట్రోలు పోసి తగులబెట్టిన బస్సులో 23 మంది ఆహుతయ్యారు. ఇటువంటి దాడుల కోసమే ఏర్పడిన సెక్షను మోటారు వాహనాల చట్టంలో లేదు. అందులో ఉన్నది ‘ప్రమాదం’ అన్న మాట. అయితే న్యాయస్థానాలు ఆ మాటకు విశాలమైన అర్థం చెప్పాయి. అస్సాం రవాణా సంస్థ బస్సులో బాంబు పేలి గాయపడిన ప్రయాణికుని విషయంలో, అది వాహన వినియోగం వల్ల కలిగిన ప్రమాదమేనని 1998లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2000లో మరొక తీర్పు హద్దు గీచింది: ఫలానా మనిషిని చంపడమే ప్రధానోద్దేశమైతే అది హత్యే, ఆటో అపహరణ వంటి మరో నేరం చేయబోయి చంపితే అది ప్రమాదం కిందికి రావచ్చు. ఈ దరఖాస్తులు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు పెట్టుకోవాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టం విధించిన గడువు ఆరు నెలలే.

ఇవి రెండూ కాక మూడవ మార్గం ఉన్నది. నేరస్థుని ఆచూకీ తెలియకపోయినా, విచారణే జరగకపోయినా, బాధితుడు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసి రాష్ట్ర ప్రభుత్వ పథకం కింద సహాయం కోరవచ్చు. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 396వ సెక్షను ఇందుకు ఆధారం.

ఆసుపత్రి మంచం దగ్గరకు మంత్రులు వచ్చి ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. అంతటితో తమకు రావలసినది వచ్చిందని అనేక కుటుంబాలు ఊరుకుంటాయి. ఎక్స్‌గ్రేషియా ప్రభుత్వం దయతలచి ఇచ్చేది. పరిహారం చట్టం ఇచ్చిన హక్కు. ఒకటి అందినంత మాత్రాన రెండవది అడగకూడదన్న నియమం లేదు. ఒకే గాయానికి చట్టపరమైన పరిహారాన్ని రెండుసార్లు కోరరాదు గాని, సొంత బీమా సొమ్ముకు రైల్వే చట్టం అడ్డు రాదు.

కనుక గాయపడినవారి బంధువులు మొదటి వారంలోనే చేయవలసిన పని ఒకటున్నది. టిక్కెట్టు లేదా సీజను పాసు, పోలీసు ఫిర్యాదు ప్రతి, ఆసుపత్రి కాగితాలు ఒకచోట భద్రపరచి, ఆ కవరు మీద గడువు తేదీ వ్రాసిపెట్టాలి. నేర విచారణ పంతొమ్మిదేళ్లు సాగవచ్చు. పరిహారపు గడియారం మాత్రం దాడి జరిగిన నాటి నుంచే నడుస్తుంది.