చేపలకూ కావాలి కూర ముక్క

పిల్లల పోరు పడలేక ఇంట్లో చేపల తొట్టె పెట్టుకున్నవాళ్ళు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. ముచ్చటపడి కొనేది పిల్లలు, వచ్చినవాళ్ళకి చూపించి మురిసేది మీవారు. తిండి పెట్టేది, నీళ్ళు మార్చేది మాత్రం మనమే కదా! తిరువూరు దగ్గర వేణుగోపాలస్వామి కొలువైన నెమలి నుంచి ఒక సోదరి అడిగారు: కొట్లో కొన్న గుళికలు వేస్తుంటే గోల్డ్‌ఫిష్‌కి పొట్ట ఉబ్బుతోందట, పెరట్లో కాసిన కూరగాయలు పెట్టవచ్చా అని. ఇలాంటి సందేహం మీలో చాలామందికి ఉండే ఉంటుంది.

నిక్షేపంలా పెట్టవచ్చు. చేపలు ఆకులు తింటాయా అని ఆశ్చర్యపోకండి. కొల్లేటి వైపు చెరువుల్లో బొచ్చె, శీలావతి పెరిగేది తవుడు, చెక్కల మీదే. 1959లో మన దేశానికి తెచ్చిన గడ్డిచేప అయితే పేరుకు తగ్గట్టు గడ్డే మేస్తుంది. మన గోల్డ్‌ఫిష్ కూడా వీటి చుట్టమే. పైగా దీనికి జీర్ణకోశమంటూ వేరే ఉండదు, తిన్నది తిన్నట్టు పేగులోకి పోతుంది. అందుకే రోజూ ఎండు గుళికలే వేస్తే మలబద్ధకం వస్తుంది, పొట్ట ఉబ్బుతుంది. పీచున్న తిండి పడితే తేలికపడుతుంది.

అయితే అన్ని చేపలూ శాకాహారులు కావు. గోల్డ్‌ఫిష్, మోలీ, గప్పీ, ప్లాటీ, సక్కర్ కూరలు తింటాయి. ఫైటర్, అరోవానా మాంసాహారులు. వాటికి కీరా ముక్క వేసి తినలేదని బాధపడకండి.

ఏవి, ఎలా?

పచ్చి బఠాణీ అన్నిటికన్నా మంచిది. ఉప్పు, నూనె, పసుపు వేయకుండా మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు ఉడికించి, చల్లార్చి, పై తొక్క వలిచేయండి. లోపలి పప్పు నలిపి వేయండి. రెండంగుళాల చేపకి ఒక్క బఠాణీ చాలు.

కీరదోస, లేత సొరకాయ, బీరకాయ పలుచటి చక్రాలుగా తరిగి, నిమిషం సేపు వేడినీళ్ళలో ముంచి తీస్తే మెత్తబడతాయి. ముక్క తేలిపోకుండా స్టీలు ఫోర్కుకు గుచ్చి అడుగుకి దింపండి. పాలకూర కూడా అలాగే, కానీ ఎప్పుడన్నా ఒకసారి. క్యారెట్, గుమ్మడి మెత్తగా ఉడకాలి.

ఉల్లి, వెల్లుల్లి, మిరప, గోంగూర, నిమ్మజాతి పండ్ల జోలికి వెళ్ళకండి. ఇక పండ్లు. మామిడి కాలంలో పిల్లలు తాము తినే ముక్కే తొట్లోనూ వేయబోతారు. వద్దనండి. పండులో చక్కెర ఎక్కువ, నీళ్ళు ఇట్టే పాడవుతాయి. అంతగా ముచ్చటైతే నెలకొకసారి గింజ తీసిన పుచ్చకాయ ముక్క, వేలిగోరంత, పావుగంట ఉంచి తీసేయండి.

కొన్న కూరగాయల మీద పురుగుమందు ఉండవచ్చు. మనం తింటే ఏమీ కానంత మందు కూడా చిన్న చేపకు ప్రాణాంతకం. బాగా కడిగి, తొక్క తీసి వేయండి. మందు కొట్టని పెరటి కాయ దొరికితే అంతకన్నా ఏం కావాలి!

అసలు ప్రమాదం

చేపలు ఆకలితో చచ్చేదానికన్నా అతిగా పెట్టడం వల్ల చచ్చేవే ఎక్కువ. మిగిలిన ముక్క కుళ్ళితే నీళ్ళలో అమోనియా చేరుతుంది. అది మొప్పలను కాల్చేస్తుంది. నీళ్ళు తెల్లగా మసకబారినా, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నా అదే గుర్తు. వెంటనే తిండి ఆపి, మూడోవంతు నీళ్ళు మార్చండి. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోగొట్టే చుక్కలు వేసి పోయండి.

అందుకే కూర ముక్క వారానికి ఒకటి రెండుసార్లే. రెండు మూడు గంటల్లో మిగిలింది తీసేయాలి. సక్కర్ రాత్రిపూట తింటుంది కాబట్టి దానికి పడుకునే ముందు వేసి, పొద్దున పాలు కాచేలోగా తీసేయండి. వారంలో ఒకరోజు చేపలకూ ఏకాదశి పెట్టండి, మంచిదే. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద తోమకండి. అమోనియాను విరిచే మేలుచేసే సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి. తొట్లోంచి తీసిన నీళ్ళలోనే పిండండి.

పొట్ట ఉబ్బిన చేపకి రెండు రోజులు పస్తు, మూడోనాడు బఠాణీ పెట్టి చూడండి. పొలుసులు కూడా పైకి లేచి నిలబడితే అది వేరే జబ్బు, బఠాణీతో తగ్గదు. ఆ చేపను వేరే తొట్లోకి మార్చి, తెలిసినవాళ్ళను అడగండి.

చివరిగా ఒక్కమాట. సక్కర్ తొట్టె శుభ్రం చేస్తుంది, దానికి వేరే తిండెందుకని చాలామంది దాన్ని పస్తు పెడతారు. పాచి అయిపోయాక అది చిక్కిపోతుంది, కీరా ముక్క తప్పనిసరి. బాగా పెడితే అడుగు దాటి పెరుగుతుంది. అప్పుడు చోటు చాలక, పుణ్యమని చెరువులోనో కాలువలోనో మాత్రం వదలకండి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ జాతి ఇప్పటికే మన నీళ్ళలో చేరి, జాలర్ల వలలు చింపుతూ, మన చేపల తిండి లాక్కుంటోంది. కొన్న కొట్టుకే తిరిగి ఇచ్చేయండి. మీ తొట్టె ఖాళీ అవుతుంది, నలుగురి చెరువూ బాగుంటుంది.