ముహూర్తం వేళకైనా రంగు దీపాలు ఆర్పాలి

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లో ఒకప్పుడు పెళ్లంటే ఇంటి ముందు తాటాకు పందిరి, పెట్రోమాక్సు లైట్లు. తరువాత షామియానాలు, ట్యూబులైట్లు వచ్చాయి. ఇప్పుడు హైదరాబాదు-విజయవాడ రహదారి వెంట కల్యాణ మండపాలు వెలిశాయి. మండపంతోపాటు డెకరేషను, డెకరేషనుతోపాటు రంగు దీపాలు తప్పనిసరి అయ్యాయి. వేదిక చుట్టూ పార్ లైట్లు, పైన గిరగిర తిరిగే షార్పీలు, వెనుక ఎల్‌ఈడీ తెర. మెట్ట రైతు మిర్చి, పత్తి అమ్మిన సొమ్ముతో కూతురి పెళ్లి చేస్తూ వీటికీ డబ్బు కడుతున్నాడు, వీడియోకూ కడుతున్నాడు. మొదటి ఖర్చు రెండో ఖర్చును పాడు చేస్తున్నదన్న సంగతి ఆల్బం ఇంటికి వచ్చాకగాని తెలియడం లేదు.

జీలకర్ర-బెల్లం పెట్టే వేళ పెళ్లికూతురి ముఖం ఊదారంగు, పెళ్లికొడుకు ముఖం ఆకుపచ్చ. తెల్లని మధుపర్కాలు నీలం. ఎర్రచీర నల్లచీర. పసుపు కలిపిన తలంబ్రాలు మసిబారిన బియ్యంలా కనిపిస్తాయి. తప్పు ఎవరిది? అందరూ వీడియో తీసినవాడి వైపే చూస్తారు. మిగతా బాకీ ఆగిపోతుంది. దీపాలు బిగించినవాడు పెళ్లినాటి రాత్రే డబ్బు తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు.

ఇందులో మాయేమీ లేదు. తెల్లని వెలుగులో అన్ని రంగులూ కలిసి ఉంటాయి. పసుపు తన మీద పడిన వెలుగులో ఎరుపు, ఆకుపచ్చ భాగాలను తిరిగి పంపుతుంది కాబట్టి పచ్చగా కనిపిస్తుంది. దాని మీద నీలి వెలుగు ఒక్కటే పడితే తిరిగి పంపడానికి ఏమీ ఉండదు, నల్లబడుతుంది. కుంకుమ సంగతీ అంతే. పూర్వం రంగు కావాలంటే వేడి బల్బుకు రంగు కాగితం అడ్డం పెట్టేవారు. నీలి కాంతినిచ్చే మంచి ఎల్‌ఈడీ 1990లలో వచ్చాక ఆ ఇబ్బంది తీరింది. దాన్ని సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి కూడా లభించింది. ఇంటింటా తెల్లని ఎల్‌ఈడీ బల్బు వెలుగుతున్నది ఆ పరిశోధన పుణ్యమే. పెళ్లి వేదిక మీద చిక్కని నీలం, ఊదా కుమ్మరించడం తేలికైందీ దాని వల్లనే.

మనిషి కన్ను కొంతవరకు సర్దుకుంటుంది. కాబట్టి ఎదుట కూర్చున్న బంధువులకు అంత తేడా తెలియదు. కెమెరాకు ఆ సర్దుబాటు లేదు. పచ్చని బల్బు వెలుగును తెలుపుకు దిద్దవచ్చు గాని, అసలు లేని రంగును ఏ కంప్యూటరూ తెచ్చిపెట్టలేదు. “ఎడిటింగులో సరిచేస్తాం” అనే మాటను నమ్మి లాభం లేదు.

రంగులే వద్దని ఎవరూ అనరు. పందిరికి సీరియల్ బల్బులు కట్టడం ఎప్పటినుంచో ఉన్నదే. అయితే అవి చూడటానికి కట్టినవి, పెళ్లికూతురి ముఖం మీద పడేవి కావు. రిసెప్షనుకు, సంగీతానికి, ప్రవేశద్వారానికి, గోడలకు రంగులు ఉండనివ్వవచ్చు. పెళ్లి తంతు వేరు. పసుపు, కుంకుమ, పారాణి, మధుపర్కాల అంచు, వీటి రంగు ఆ తంతులో భాగం. పెనుగంచిప్రోలు తిరుపతమ్మవారి విగ్రహాలను రెండేళ్లకోసారి జగ్గయ్యపేటకు తీసుకువచ్చి రంగులు వేయించి, ఊరేగింపుగా తీసుకువెళ్లే ప్రాంతమిది. రంగుకు ఇంత విలువ ఇచ్చే చోట సొంత బిడ్డ పసుపు కుంకుమలను నల్లగా చిత్రింపజేసుకోవడం ఏం సబబు?

మరో సంగతి కూడా ఆలోచించాలి. తాతలు, అమ్మమ్మలు పనిగట్టుకుని ఫొటో తీయించుకోరు. వారు పోయినప్పుడు గోడకు తగిలించేందుకు ఫొటో కావలసివస్తే ఇంటివారు మనవరాలి పెళ్లి ఆల్బమే తిరగేస్తారు. అక్షింతలు వేస్తున్న చిత్రంలోంచి ముఖం ఒక్కటీ తీసి పెద్దది చేయిస్తారు. ఆ ముఖం సగం ఊదా, సగం ఆకుపచ్చగా ఉంటే మళ్లీ తీయడానికి మనిషి ఉండడు.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. జీలకర్ర-బెల్లం నుంచి తలంబ్రాలు ముగిసేవరకు వేదిక మీది రంగు దీపాలు ఆర్పి, ఇరువైపులా తలకు కొంచెం ఎత్తున, ఏటవాలుగా తెల్లని దీపాలు వెలిగిస్తే చాలు. అవన్నీ ఒకే రకానివి కావాలి. ఒకటి పచ్చన, మరొకటి నీలితెలుపు అయితే మళ్లీ చిక్కే. మండపాల యజమానులు వేదిక దీపాలకు వేరే స్విచ్చి పెట్టించాలి. పెళ్లివారు డెకరేషనుకు బయానా ఇచ్చేటప్పుడే ఈ షరతు కాగితం మీద రాయించుకోవాలి. లేజరు కిరణం సూటిగా తగిలితే కెమెరాలోని సెన్సరు శాశ్వతంగా దెబ్బతినవచ్చు కనుక వేదిక వైపు దాన్ని అసలు తిప్పనివ్వకూడదు.

వీడియోగ్రాఫర్ల బాధ్యతా ఉంది. గంట ముందే వచ్చి, వేదిక మీద తెల్లని గుడ్డ పట్టించి కెమెరాను దానికి సరిచేసుకోవాలి. అంతా ఆటోమేటిక్‌కు వదిలేస్తే దీపం మారినప్పుడల్లా రంగు మారుతుంది. ఇక్కడి కరెంటు 50 సైకిళ్లది. దీపం సెకనుకు 100 సార్లు మినుకుతుంది కాబట్టి షట్టరు వేగం సెకనులో 50వ వంతుగానో, 100వ వంతుగానో పెట్టుకుంటే చాలావరకు చారలు పడవు. వెలుగు తగ్గించిన ఎల్‌ఈడీల లెక్క వేరు, వాటిని ముందుగా తీసి చూసుకోవలసిందే. దీపాలు బాగాలేకపోతే ముహూర్తానికి ముందే పెళ్లి పెద్దకు చెప్పాలి. ఆల్బం ఇచ్చేటప్పుడు చెబితే సాకు అనిపించుకుంటుంది.

ఏ పెళ్లిలోనైనా బాజాలు ఎప్పుడు మోగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే పెద్ద ఒకరుంటారు. దీపాల సంగతి కూడా ఆయనకే అప్పగించడం మంచిది. రాబోయే ముహూర్తాల నుంచైనా ఈ రెండు పట్టణాల మండపాల యజమానులు, డెకరేషనువారు, వీడియోగ్రాఫర్లు ఒకచోట కూర్చుని ఈ ఏర్పాటుకు రావడం అవసరం.