వృద్ధాశ్రమం మంచిచెడ్డలు రాత్రివేళ తేలుతాయి

కర్నూలు: కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు ప్రాంతాల నుంచి వానలు తప్పిన ప్రతి ఏడూ కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప కోతలకు, బెంగళూరు, హైదరాబాదు కట్టడం పనులకు మూటాముల్లె కట్టుకొని పోవడం అందరికీ తెలిసినదే. అటు రాజంపేట, రాయచోటి వైపు కువైట్ ప్రయాణాలూ అంతే. ఇంటి దగ్గర మిగిలేది అవ్వాతాతలు. కాళ్ళు ఆడినన్నాళ్ళు గడిచిపోతుంది. మంచాన పడితే గంజి కాచి పోసే దిక్కు వుండదు. అందుకే వృద్ధాశ్రమం మాట పల్లెల్లోనూ వినిపిస్తున్నది. ఒకప్పుడు ఆ మాట ఎత్తితే కొడుక్కి తలవంపులుగా వుండేది. ఇప్పుడు ఏ ఆశ్రమం మంచిదని రచ్చకట్ట మీదే విచారిస్తున్నారు. (ఇంటి దగ్గర ఏళ్ళ తరబడి అత్తమామల పక్కబట్టలు ఉతికిన కోడలికి మాత్రం ఎవరూ బోర్డు కట్టలేదు.)

చిక్కంతా ఆ విచారణ జరిగే తీరులోనే వున్నది. చూడపోయినవారు గేటు, బోర్డు, ముందు గదిలోని దేవుని పటాలు, దాతల పేర్లు చెక్కిన రాయి చూసి సంతృప్తి పడి వస్తున్నారు. పుట్టినరోజుకని దాతలు వచ్చి పులిహోర, లడ్డు పెట్టించే పూట బాగానే వుంటుంది. దాతలు రాని పూట ఏం వండుతున్నారో వంటగదిలోకి పోతేగాని తెలియదు. పళ్ళూడిన ముసలివారికి ఎండు జొన్నరొట్టె పెట్టి, తినలేదు గనుక ఆకలి లేదని రాసుకుంటే అది భోజనం పెట్టినట్టు కాదు. సంగటి మెత్తగా కెలికి, పప్పు పలుచగా చేసి, షుగరు వున్నవారికి వేళ తప్పకుండా పెడుతున్నారా అన్నది అడగాలి. వంటవాళ్ళను కాదు, తిన్నవాళ్ళను అడగాలి.

అన్నిటికంటె ముఖ్యం రాత్రి. పగలు నలుగురు ఆయాలు తిరిగే చోట కూడా రాత్రి తొమ్మిది దాటితే గేటు దగ్గర ఒక్క వాచ్‌మన్ తప్ప ఎవరూ లేకపోతే, ముప్పై మంది ముసలివాళ్ళు దేవుని మీద భారం వేసి పడుకున్నట్లే. వయసు మళ్ళినవారు రాత్రిలో రెండు మూడుసార్లు లేస్తారు. మన ప్రాంతంలో స్నానాల గదులకు, దొడ్లకు పరిచేది కడప బండలు, బేతంచెర్ల బండలు. నున్నగా పాలిషు పట్టిన బండ తడిస్తే పడుచువాళ్ళకే కాలు నిలవదు. పట్టుకోవడానికి గోడకు ఇనుప కడ్డీ లేకపోతే తుంటి ఎముక విరగడానికి ఒక్క అడుగు చాలు. ఆ వయసులో తుంటి విరిగినవారు మళ్ళీ లేచి నడవడం కష్టం. కాబట్టి అడగవలసిన మొదటి ప్రశ్న: రాత్రి మేలుకొని వుండేది ఎవరు, ఎందరు?

ఇది మన ఒక్కరి బాధ కాదు. అమెరికాలో నర్సింగ్ హోములకు అక్కడి కేంద్ర ప్రభుత్వం 2008 నుంచి ఒకటి మొదలు అయిదు దాకా నక్షత్రాలు ఇస్తున్నది. తనిఖీలో దొరికిన లోపాలు, సిబ్బంది సంఖ్య, వున్నవారి ఆరోగ్యం, ఈ మూడింటినీ చూసి లెక్క కడతారు. గోడల రంగుకు అక్కడా మార్కుల్లేవు.

మన దగ్గర ఈ నక్షత్రాలు ఇచ్చేవారెవరు? తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని 19వ సెక్షను ప్రకారం జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండేలా, రాష్ట్ర ప్రభుత్వం ఆశ్రమాలు పెట్టవచ్చు. ‘పెట్టి తీరాలి’ అని లేదు, ‘పెట్టవచ్చు’ అని వున్నది. ఆ ఒక్క మాట దగ్గరే బండి ఆగిపోయింది. ప్రతి ఆశ్రమమూ రిజిస్టరు కావాలని, కనీస ప్రమాణాలు పాటించాలని సవరణ బిల్లు ఒకటి 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చింది. నాలుగేళ్ళకు పైగా నానింది. 2024లో ఆ సభ రద్దు కావడంతో బిల్లూ మురిగిపోయింది. కనుక మంచిచెడ్డలు తేల్చుకొనే భారం చివరకు చేర్పించేవారి మీదనే పడుతున్నది.

చెప్పి పోతే అన్నీ సర్ది వుంచుతారు. చెప్పకుండా, ఆదివారం గాక పని దినాన, ఎండ మండే మూడు గంటల వేళ పోవాలి. రేకుల షెడ్డు కింద మే నెలలో ఫ్యాను కూడా వడగాడ్పే కొడుతుంది. బోరు ఎండితే ట్యాంకరు ఎవరు తెప్పిస్తారో, తాగే నీళ్ళకుండ మంచానికి అందే దూరంలో వున్నదో లేదో చూడాలి. ముందు గదిలో కూర్చోబెట్టినవారిని పలకరించి వచ్చేయరాదు. చివరి గదిలో మంచాన పడినవారిని చూపించమనాలి. వీపున పుండ్లు లేకపోతే అక్కడ మనిషి చేయి ఆడుతున్నట్లు. ఆ గదికి తాళం వేసి, డాక్టరు పోవద్దన్నాడని చెబితే తిరుగు బస్సు ఎక్కడం మేలు.

ఇక డబ్బు సంగతి. వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు చేతికి వస్తున్నది. పల్లె అవ్వకు అది చిన్న మొత్తం కాదు. ఆశ్రమం వాళ్ళు ఖర్చుకు కొంత తీసుకుంటే తప్పు లేదుగాని దానికి రసీదు వుండాలి. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఏటీఎం కార్డు ఎవరి పెట్టెలో వున్నవో తెలియాలి. అవ్వ అడిగితే కార్డు ఇవ్వని చోట అన్నం ఎంత బాగున్నా నమ్మకం కుదరదు.

అంతకంటె పెద్ద ముప్పు భూమి. చివరిదాకా చూసుకుంటామన్న మాట మీద వున్న రెండెకరాలూ, మిద్దె రాసి ఇచ్చేవారున్నారు. తీసుకొనేది కొడుకైనా, ఆశ్రమమైనా జాగ్రత్త ఒక్కటే. పోషించే షరతు మీద ఇచ్చిన ఆస్తి, ఆ షరతు తప్పితే, 23వ సెక్షను కింద చెల్లకుండా చేయించవచ్చు. కాని ఆ షరతు వున్నట్లు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో ఒక కేసులో చెప్పింది. చట్టాన్ని వృద్ధులకు మేలు కలిగేలా చదవాలని 2025 జనవరిలో మరొక తీర్పు ఇచ్చింది. కోర్టుల చుట్టూ తిరిగే వయసు కాదు గనుక, ఆ షరతును దానపత్రంలోనే స్పష్టంగా రాయించుకోవడం క్షేమం. దస్తావేజు రాసేవారు వద్దన్నా పట్టుబట్టాలి.

బిడ్డలు పోషణ మానేస్తే ఆర్‌డీఓ స్థాయి అధికారి అధ్యక్షతన వుండే ట్రిబ్యునల్‌కు తెల్లకాగితం మీద అర్జీ పెట్టుకోవచ్చు. వకీలు అక్కర లేదు. నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు వున్నది. ఆశ్రమంలోనే అన్యాయం జరిగితే కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారు. వృద్ధులకని పెట్టిన 14567 నంబరుకు ఫోను చేసినా పైకం పడదు. అర్జీ ఇచ్చినవారు దాని నంబరు రాసిన రసీదు అక్కడే అడిగి తీసుకోవాలి.